కప్పు గల కొయ్యవంతెన

వంతెనకు ఇంటివలె కప్పును గోడలును ఉండుట వింతగా తోచవచ్చును. అమెరికా దేశమున న్యూయార్కు రాష్ట్రములో నార్త్ బ్లెన్‌హైమ్ అను పల్లె కలదు. అచ్చటి స్కోహారీ యేటిపై 1855లో అట్టి కొయ్యవంతెన యొకటి వెలసెను. దానిని కట్టినవాడు వెర్మాంటు ప్రాంతపు పనివాడు నికొలస్ పవర్స్. ఏటి నడుమ స్తంభ మొక్కటియు లేదు; ఒడ్డునుండి యొడ్డునకు 210 అడుగులు! దూలములు కూర్చిన చట్టములు మూడు. నడిమి చట్టమున పెద్ద కమాను, దాని కిరుప్రక్కల రెండు బండిదారులు. పరంజా విప్పునాడు పవర్స్ కప్పు కొనపై కూర్చుండి, ఇది కూలినచో తానును దీనితో పోవుదునని పలికెనని చెప్పుకొందురు. కథయే కావచ్చును గాని వినదగిన కథ.

కప్పు బాటసారుల కొరకని పలువురు తలంతురు. కాదు, అది దూలముల కొరకు. అతుకులలో వాననీరు నిలిచిన కొయ్య పది యిరువది యేండ్లలో పుచ్చిపోవును. కప్పు క్రింది కొయ్య నూరేండ్లు దాటియు నిలుచును. శీతకాలమున మరియొక చోద్యము. దారులపై మంచు పేరుకొనగా జనులు చక్రములు లేని జారుడుబండ్లపై తిరిగెడివారు. కప్పు క్రింద మంచు పడదు గదా! కావున పారలతో మంచు తెచ్చి వంతెనలోపల పరచెడివారు.

1930 దశకమున ప్రక్కనే ఉక్కువంతెన వచ్చెను. అయినను అచ్చటి పాలకులు పాతదానిని పడగొట్టక నిలిపిరి. 1964లో దానికి జాతీయ చారిత్రక చిహ్నమను గౌరవము లభించెను. కాని 2011 ఆగస్టు 28న ఐరీన్ తుపాను తెచ్చిన వరద దానిని కొట్టుకొనిపోయెను. 156 ఏండ్ల కట్టడము ఒక్క దినమున మాయమయ్యెను.

మరల కట్టవలెనా? క్రొత్త కొయ్యతో కట్టినది పాత వంతెన యెట్లగునని కొందరి ప్రశ్న. ఉక్కువంతెన యుండగా ఈ వ్యయ మేలయని మరికొందరందురు. మొదటిది త్రోసివేయదగిన మాట కాదు. పవర్స్ చేయి తగిలిన దూలములు మరల రావు. క్రొత్తదానిని పాతదని చెప్పుట అసత్యమే యగును. అయినను అచ్చటివారు మరల కట్టుటయే మేలు. పోయినది కొయ్య మాత్రమే కాదు. ఇంత పొడవైన దూలచట్టమును కూర్చి, సరిగా ఎత్తి, ఏటిపై నిలుపు నేర్పు పుస్తకములలో దాచిన నిలువదు. పని జరిగిన చోటనే చేతినుండి చేతికి వచ్చును. పూర్వము కొలతలు తీసి పటములు వ్రాసి యుంచినవారి శ్రమయు అప్పుడే ఫలించును.

2018 నాటికి క్రొత్త వంతెన నిలిచెను. దానిని ఒడ్డున కూర్చి ఏటిమీదికి జరిపిరి. రాతికట్టులను మునుపటికంటె ఎత్తు చేసిరి. పాత రూపమును మార్చితిరని దీనిని తప్పుపట్టుట తగదు, ఏరు ఎంత ఎత్తునకు లేచునో ఆ యూరివారు కన్నులార చూచినారు. ఇక కప్పు సంగతి. అందు తొలి చిల్లు కనబడిన దినముననే నిచ్చెన వేసికొని యెక్కువారు ఆ యూర నుండవలెను.