తాళంచెవి ఎవరి చేతిలో?

ఖమ్మం పాత బజార్లలోనో, కొత్తగూడెం, ఇల్లందు సింగరేణి క్వార్టర్లలోనో, భద్రాచలం గోదావరి కరకట్ట దగ్గరి కాలనీల్లోనో నలుగురు స్త్రీలను కూర్చోబెట్టి భద్రత గురించి అడిగి చూడండి. వాళ్ళు ముందుగా చెప్పేది పెద్ద రోడ్డు గురించి కాదు. ఇంటికీ రోడ్డుకీ మధ్య ఉన్న సందు గురించి. గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళ వరుసల మధ్య నాలుగైదు అడుగుల దారి అది. ఏ ఒక్కరిదీ కాదు, అందరిదీ. నీళ్ళకు పోయినా, ట్యూషన్ నుంచి ఆడపిల్ల తిరిగి వచ్చినా, తెల్లవారుజామున పాచిపనికి బయలుదేరినా అక్కడినుంచే నడవాలి. దొంగలు వచ్చేదీ, తాగినవాళ్ళు కూర్చునేదీ, వెంటపడేవాళ్ళు కాచుకునేదీ అక్కడే.

అందుకే సందు రెండు కొసలా ఇనుప గేట్లు పెట్టించాలి, కెమెరాలు బిగించాలి అన్న మాట ఈ మధ్య నేను పాల్గొన్న సమావేశాల్లో తరచుగా వినపడుతోంది. ఆ మాట వెనుక ఉన్న భయం నిజమైనదే. సింగరేణిలో మగవాళ్ళు మూడు షిఫ్టుల్లో పని చేస్తారు. నైట్ షిఫ్టుకు భర్త వెళ్ళిపోయాక పిల్లలతో ఒంటరిగా ఉన్న స్త్రీకి పెరటి తలుపు వెనక అడుగుల చప్పుడు వినిపిస్తే ఎలా ఉంటుందో మనం ఊహించుకోగలం. ఆమె గేటు కావాలంటే తప్పు పట్టే హక్కు మనకు లేదు. కానీ ఆ గేటు ఏ నేరాన్ని ఆపుతుంది, ఎవరిని ఆపుతుంది, దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది అని అడగాల్సిన బాధ్యత మాత్రం మనకుంది.

ఈ సందుల చరిత్ర చిన్నదేమీ కాదు. ఇంగ్లండులో 19వ శతాబ్దంలో మిల్లు కార్మికులకు, గని కార్మికులకు కట్టిన ఇళ్ళ వరుసల వెనుక సందులు వదిలింది మలం ఎత్తుకుపోవడానికి, బొగ్గు దింపడానికి. మన పాత పట్నాల్లో కూడా ఎన్నోచోట్ల పెరటి సందు పుట్టింది చేతులతో మలం ఎత్తే పని కోసమే. ఆ పనిని ఒక కులం మీద, ముఖ్యంగా ఆ కులపు స్త్రీల మీద రుద్ది, వీధి గుమ్మం వైపు వాళ్ళను రానివ్వకుండా వెనక దారి చూపించిన సమాజం మనది. ఆ పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరొక చట్టం వచ్చాయి. మరుగుదొడ్లు మారాయి గానీ సందులు మిగిలాయి. వాటి బాగోగులు చూసే దిక్కు మాత్రం లేకుండా పోయింది.

ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరంలో ఇలాంటి సందులకు వేల సంఖ్యలో గేట్లు పెట్టారు. 2004లో వెలువడిన ఒక అధ్యయనం, గేట్లు పెట్టినచోట ఇళ్ళలో దొంగతనాలు సుమారు 37 శాతం తగ్గాయని చెప్పింది. ఆ ఫలితాన్ని తోసిపుచ్చనవసరం లేదు. కానీ తగ్గింది ఇంటి దొంగతనం. స్త్రీల మీద జరిగే హింసకు ఈ లెక్క సరిపోతుందా? జాతీయ నేర రికార్డుల బ్యూరో 2021 లెక్కల ప్రకారం దేశంలో నమోదైన 31,677 అత్యాచారం కేసుల్లో 96 శాతానికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్ళే. బంధువు, ఇరుగుపొరుగు, పెళ్ళి చేసుకుంటానని నమ్మించినవాడు. అంటే, గేటుకు ఇవతలే ఉన్నవాడు, తాళంచెవి ఉన్నవాడు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఇంట్లో దెబ్బలు తిన్న స్త్రీ అర్ధరాత్రి పిల్లల్ని తీసుకుని బయటపడాలంటే ముందు గుమ్మంలోంచి పోలేదు. పెరటి తలుపు తీసుకుని సందులోకే పరుగెడుతుంది. ఆ సందు కొసన తాళం వేసి ఉండి, చెవి కాలనీ పెద్దమనిషి దగ్గరో, ఆమెను కొట్టిన భర్త జేబులోనో ఉంటే ఆమె గతేమిటి? 2005 నాటి గృహహింస నిరోధక చట్టం, జిల్లాల్లో ఉన్న సఖి కేంద్రాలు, 181 నంబరు ఇవన్నీ ఆమె ఆ సందు దాటగలిగితేనే పనికొస్తాయి.

మన ప్రాంతానికి మాత్రమే చెందిన ప్రమాదం ఒకటుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986లో 75.6 అడుగులు వచ్చాక అంత నీరు రావడం అదే. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మంలో బొక్కలగడ్డ, మోతీనగర్, ప్రకాశ్‌నగర్ వంటి చోట్ల ఇళ్ళను ముంచెత్తింది. అలాంటి వేళ పసిపిల్లలను, మంచం పట్టిన అత్తమామలను పట్టుకుని బయటికి వచ్చే భారం ఎవరి మీద పడుతుందో వేరే చెప్పాలా? నీళ్ళు ఇంట్లోకి వస్తున్నప్పుడు తాళంచెవి కోసం వెతుక్కోవాల్సిన గేటు రక్షణ కాదు, ఉచ్చు.

ఇక "బయటివాళ్ళు" అన్న మాట. గేటు పెట్టగానే సందులో నడిచేవాళ్ళు రెండు రకాలవుతారు. మనవాళ్ళు, అనుమానితులు. కూరగాయల గంప ఎత్తుకొచ్చే ముసలమ్మ, చెత్త తీసే కార్మికురాలు, ఏజెన్సీ గూడెం నుంచి చదువుకోడానికి వచ్చి గది అద్దెకు తీసుకున్న కోయ అమ్మాయి, ఇళ్ళల్లో పనికొచ్చే ఎరుకల, లంబాడా స్త్రీలు ఎవరి లెక్కలోకి వస్తారు? పుట్టుకతోనే కొందరిని దొంగలుగా ముద్రవేసిన 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1952లో రద్దయింది. చట్టం పోయినా ఆ చూపు పోలేదు. సందులో ఏ వస్తువు పోయినా మొదట ఎవరి గుమ్మం ముందుకు వెళ్ళి నిలబడుతున్నామో మనల్ని మనం ప్రశ్నించుకోవాలి.

కెమెరాల విషయమూ అంతే. కెమెరా దొంగను పట్టించవచ్చు, కాదనను. కానీ ఆ దృశ్యాలు ఎవరి ఇంట్లోని తెర మీద పడుతున్నాయి? స్నానాల గదులు, బట్టలారేసే తాళ్ళు ఉన్న పెరటి సందు వైపు ఆ కెమెరాను తిప్పేటప్పుడు అక్కడి స్త్రీలను అడిగారా? ఫలానా ఇంటి పిల్ల ఎన్నింటికి వచ్చింది, ఎవరు దింపారు అని లెక్కలు తీయడానికి అది వాడబడితే, మన భద్రత పేరుతో మన మీదే కాపలా పెట్టినట్టు. స్త్రీ వెంటపడి వేధించడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద, ఆమె ఏకాంతాన్ని చాటుగా చూడటం, చిత్రించడం 77వ సెక్షన్ కింద నేరాలు. చూసేది కాలనీ కమిటీ సభ్యుడైనా అది నేరమే.

మరి ఏం చేయాలి? 1989లో కెనడాలోని టొరంటో స్త్రీలు ఒక పద్ధతి తయారు చేశారు. మన దేశంలో ఢిల్లీకి చెందిన జాగోరి సంస్థ దాన్ని చేపట్టింది. ఆ పద్ధతికి ఖర్చు లేదు. చీకటి పడ్డాక ఆ సందు స్త్రీలే గుంపుగా నడిచి చూస్తారు. దీపాలు ఎన్ని, వెలిగేవి ఎన్ని? ఎదురుగా వచ్చేవాడి ముఖం ఎంత దూరం నుంచి కనిపిస్తోంది? కేకేస్తే వినే కిటికీ ఉందా? దాక్కోవడానికి వీలైన మలుపు, పాడుబడ్డ గోడ ఎక్కడ? సందు మొగదల పర్మిట్ రూమో, బెల్టు షాపో ఉందా? తప్పించుకుని పోవడానికి రెండో దారి ఉందా? ఇందులో పద్నాలుగేళ్ళ పిల్లా, డెబ్బై ఏళ్ళ అవ్వా, పనికి వచ్చే స్త్రీ, నడవలేని స్త్రీ అందరూ ఉండాలి. ఒక్కొక్కరికి ఒక్కో సందు కనిపిస్తుంది.

అలా రాసుకున్న కాగితాన్ని సంఘం బీరువాలో పెట్టుకోకూడదు. వీధిదీపాలు స్థానిక సంస్థల బాధ్యత, ఎవరి దయాదాక్షిణ్యమూ కాదు. 2019 తెలంగాణ మునిసిపాలిటీల చట్టం ప్రతి వార్డులో స్త్రీలకంటూ ఒక కమిటీ ఉండాలంది. మీ వార్డులో అది ఉందా, ఎప్పుడైనా కూర్చుందా అడగండి. భద్రాచలం వంటి పంచాయతీల్లో గ్రామసభలో ఆ కాగితాన్ని చదివించండి. పోలీసు స్టేషన్లో మా పరిధి కాదంటే, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోందని గుర్తు చేయండి. 2014లో ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లోకి, భద్రాచలం పట్నం తెలంగాణలోకి విడిపోయినచోట ఇది మరీ అవసరం.

ఇంత చూశాక కూడా గేటు కావాలని ఆ సందు స్త్రీలు నిర్ణయిస్తే పెట్టుకోనివ్వండి. అయితే పంచాయతీ లేదా మునిసిపాలిటీ అనుమతితో, లోపలినుంచి ఏ తాళమూ లేకుండా తెరుచుకునేలా పెట్టాలి. ప్రతి ఇంట్లో స్త్రీ చేతికి ఒక చెవి ఉండాలి. పనికి వచ్చేవాళ్ళ రాకపోకలకు అడ్డు లేదని ముందే తేల్చుకోవాలి. దీపం వెలిగించకుండా గేటు మాత్రమే పెడితే చీకటిని తాళం వేసి దాచుకున్నట్టే.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక పోరాటంలో ఊరి దారులకు కాపలా కాసింది స్త్రీలే. ఆ రాత్రుల్లో వాళ్ళు ఇళ్ళలో తలుపులు బిగించుకుని కూర్చోలేదు, దారి మీదికి వచ్చి నిలబడ్డారు. మనం కోరే భద్రత కూడా అలాంటిదే. సందులోకి రాకుండా మనల్ని దాచిపెట్టే భద్రత కాదు, ఏ వేళప్పుడైనా ఆ సందులో మనం నడవగలిగే హక్కు. వచ్చే మూడు నెలల్లో మీ సంఘం కనీసం ఒక్క సందునైనా ఇలా నడిచి చూడాలని, ఏం చూశారో, ఏం సాధించారో ఈ పత్రికకు రాయాలని కోరుతున్నాను.