న్యాయవాద సంస్థలు – జూనియరు వకీళ్లు

విదేశీయ న్యాయవాద సంస్థలకు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2023 మార్చిలో మన దేశపు ద్వారము తెఱచినది. 2025 మేలో ఆ నిబంధనలను సవరించినది. ఇచ్చట నమోదైన విదేశీయ సంస్థ తన దేశపు చట్టమును గూర్చియు, అంతర్జాతీయ న్యాయమును గూర్చియు సలహా నీయవచ్చును. అంతర్జాతీయ మధ్యవర్తిత్వములలో పాల్గొనవచ్చును. మన కోర్టులలో మాత్రము వాదింపరాదు. మన న్యాయవాదులకు ఆ దేశమున నట్టి యవకాశమే యుండవలె ననునది షరతు.

ఈ వివాదము నిన్న పుట్టినది కాదు. రిజర్వు బ్యాంకు అనుమతితో 1990 దశకమున ఇచ్చట శాఖలు తెఱచిన కొన్ని విదేశీయ సంస్థల విషయమై బొంబాయి హైకోర్టు 2009 డిసెంబరులో తీర్పు చెప్పుచు, కోర్టులో వాదించుటయే కాదు, పత్రములు వ్రాయుట, సలహా చెప్పుటయు న్యాయవాద వృత్తియే యనినది. 2018లో సుప్రీం కోర్టు ఆ మాటనే స్థిరపఱచినది. ఇన్నేండ్ల వాదములో విశేషముగా వినవచ్చినది పెద్ద సంస్థల లాభనష్టముల లెక్కయే. విదేశీయుడు రానేరాదను వారితో మేము చేయి కలుపము. మా చింత వేఱు.

మన సంస్థలును పూర్వపు సంస్థలు కావు. తాత పేరు బోర్డుమీద, తండ్రి కుర్చీలో, కుమారుడు ప్రక్క బల్లకడ: చిరకాలము వాని స్వరూప మిదియే. 1956 కంపెనీల చట్టము ననుసరించి భాగస్వాములు ఇరువదిమందికి మించరాదు. 2008లో పరిమిత బాధ్యత భాగస్వామ్య చట్టము వచ్చి ఆ కట్టు సడలించినది. నేడు పెద్ద సంస్థలలో వందలకొలది న్యాయవాదులు. కక్షిదారు వ్యక్తి కాడు, కంపెనీ; పని వ్యాజ్యము కాదు, ఒడంబడిక; ఫీజు పెక్కు సంస్థలలో గంటకు. ఈ గంటల పట్టీలో, మంచి సలహా అయిదు నిమిషములలో తోచినవానికి నష్టమే గదా!

1998లో హైదరాబాదున నల్సార్ నెలకొన్నది. అట్టి విద్యాలయములలో చదివిన మెఱికలవంటి యువకులు అనేకులు సంస్థలలోనికే పోవుచున్నారు. వారిని నిందింపము. జిల్లా కోర్టులో సీనియరు వెనుక కట్టలు మోయు జూనియరునకు బస్సు ఖర్చైనను చేతికి రాని మాసము లున్నవి. పట్టణములలో మాసమునకు 20,000 రూపాయలు, గ్రామ ప్రాంతములలో 15,000 రూపాయలు వారికి భృతి నీయవలెనని బార్ కౌన్సిల్ 2024 అక్టోబరులో సూచించినది. సూచించినది, శాసింపలేదు.

ఇంతలో యంత్రము వచ్చినది. పాత తీర్పులు వెదకుట, ఒడంబడికల వాక్యములు సరిచూచుట మున్నగు జూనియరు పనిని కృత్రిమ మేధ చేయనారంభించినది. న్యూయార్కున 2023లో ఇద్దఱు న్యాయవాదులు యంత్రము కల్పించిన తీర్పులను, ఎన్నడును లేనివానిని, కోర్టునకు సమర్పించిరి. వారికిని వారి సంస్థకును కలిపి 5,000 డాలర్ల జరిమానా పడినది. లేని తీర్పును లేనిదని పట్టగల చూపు ఏండ్ల తరబడి రికార్డులు చదివినవానికి గాని కలుగదు. ఆ చదువును యంత్రమున కప్పగించినచో రేపటి సీనియరు ఎచ్చటనుండి వచ్చును?

2024 సూచనను నిబంధనగా మార్పవలెను. భృతి నీయజాలని చిన్న సీనియరులు మన జిల్లాలలో పెక్కురు గలరు. వారి నెత్తిన భార మంతయు మోపుట న్యాయము గాదు. కావున విదేశీయ సంస్థలు చెల్లించు నమోదు రుసుమును, మన పెద్ద సంస్థలనుండి ఏటేట కొంత చందాను జేర్చి, జిల్లా బార్ల జూనియర్లకు మొదటి మూడేండ్ల భృతికై ఒక నిధి నేర్పఱుపవలెను. ఇది దయాధర్మము గాదు. రాయదుర్గములోనో, నారాయణపేటలోనో భూమి తగవుతో వచ్చిన రైతు పక్షమున నిలుచువాడు ఈ జూనియరే. గంటకు ఫీజు కట్టు సంస్థ ఆ కోర్టునకు రాదు. ఉభయ తెలుగు రాష్ట్రముల బార్ కౌన్సిళ్లు ఈ విషయమున తీర్మానము చేసి ఢిల్లీకి పంపుటకు జాగు చేయరాదు.