వరండా కబుర్లు: ఇడ్లీకి మూర్ఛ

కిందటి సంచికలో ఈసారి మాగాయ సంగతి రాస్తానని మాట ఇచ్చాను. మాగాయ ఇంకో మూడు నెలలు ఆగాలి. మా ఇంట్లో ఈమధ్యంతా ఒకటే గొడవ. కుందేలు గొడవ.

2022లో మనవరాలు పట్టుబట్టి తెచ్చుకుంది. తెల్లగా, గుండ్రంగా ఉందని దానికి ఇడ్లీ అని పేరు పెట్టింది. తర్వాత పిల్ల చదువుకని హాస్టలుకి వెళ్ళిపోయింది, ఇడ్లీ మాకు మిగిలింది. "ఈ వయసులో మనకి చంటిపిల్ల" అని మావారు విసుక్కుంటూనే పొద్దున్నే సంచీడు గరిక కోసుకొస్తారు. బొమ్మల పుస్తకాల్లో కుందేలు పక్కన క్యారెట్టు వేస్తారు గాని, దాని అసలు తిండి గడ్డి. క్యారెట్టు ఎప్పుడో ఓ ముక్క చాలు.

మొదట దాని మెడ ఓ పక్కకి వాలింది. ఎటో పట్టేసిందనుకున్నాం. రెండు వారాల తర్వాత, తెల్లవారుజామున, గూట్లోంచి దబదబా చప్పుడు. లైటు వేసి చూద్దును కదా, పక్కకి పడిపోయి నాలుగు కాళ్ళూ ఈత కొడుతున్నట్టు కొట్టుకుంటోంది. మెడ వెనక్కి వంగిపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు మాత్రం లేదు.

నేనేం చేశానో చెబితే నవ్వుతారు. బీరువా తాళాలగుత్తి తెచ్చి దాని పాదానికి ఆనించాను. మావారు ఉల్లిపాయ కోసుకొచ్చి ముక్కు దగ్గర పెట్టారు. డెబ్బై ఏళ్ళొచ్చినా కంగారులో చేతులకి చిన్నప్పుడు చూసిందే తోస్తుంది.

చిన్నప్పుడు చూసింది మా తమ్ముణ్ణి. వాడికి మూర్ఛ ఉండేది. ఇంట్లో ఆ మాట అనకూడదు. "వాడికి కళ్ళు తిరిగాయి" అనేది అమ్మ. 1968లో, వాడికి పదేళ్ళప్పుడు, నాలుక కరుచుకుంటాడని నాన్నగారు పళ్ళ మధ్య స్టీలు చెంచా దూర్చారు. ముందు పన్ను విరిగింది. మెట్ల మీంచి పడ్డాడని అందరికీ చెప్పాం. నేనూ చెప్పాను, బడిలో పంతులుగారికి, ఒట్టు వేసి మరీ.

ఇక ఇడ్లీ సంగతి. మా బరంపురంలో ఆవుకీ, మేకకీ, కుక్కకీ వైద్యం దొరుకుతుంది. కుందేలు అనేసరికి మొదట చూపించిన చోట, "ఇది బతికేది కాదు, కావాలంటే సూది వేసి నిద్రపుచ్చేస్తాం" అన్నారు. మనవరాలికి ఏమని చెప్పను? బుట్టలో పెట్టుకుని తిరిగొచ్చేశాం. మర్నాడు మా పక్కింటివాళ్ళు ఇంకో డాక్టరమ్మ పేరు చెప్పారు. భువనేశ్వర్‌లో చదువుకున్న ఒడియా పిల్ల, ముప్ఫై ఏళ్ళు ఉండవు. "నా దగ్గరికి కుందేళ్ళు తక్కువ వస్తాయి మాఉసీ, రాత్రికి చదివి రేపు చెబుతాను" అంది. డాక్టరు నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు. ఆ మాటతోనే నమ్మకం కుదిరింది.

మర్నాడు ఆమె అడిగిన ప్రశ్నలు చూడాలి! చెవిలో చీము పట్టిందా? పాత రంగులేసిన తలుపులు కొరుకుతుందా? రంగులో సీసం ఉంటే అదీ మెదడుకి చేటేనట. ఎండలో ఉంచారా? తిండి మానేసిందా? కుక్కలకి పిడుదులు పోవడానికి పూసే మందేమైనా రాశారా? ఈ ఆఖరిది కుందేళ్ళు పెంచేవాళ్ళంతా గుర్తుంచుకోవాలి. ఫిప్రోనిల్ అనే మందు కుక్కకి పనిచేస్తుంది, కుందేలుకి మాత్రం మూర్ఛలు తెప్పించి ప్రాణం తీస్తుంది. సీసా మీద కుక్క బొమ్మ ఉంటే కుందేలుకి వాడకండి.

మా ఇడ్లీకి ఇవేవీ కావు. ముందు మెడ వాలి, తర్వాత మూర్ఛ వచ్చింది కాబట్టి ఎన్సెఫలిటోజూన్ కునిక్యులి అనే సూక్ష్మజీవి అయ్యుంటుందని ఆమె అంచనా. తల్లి కడుపులోంచో, ఇంకో కుందేలు మూత్రంలోంచో వస్తుందిట. చాలా కుందేళ్ళలో ఏ బాధా పెట్టకుండా ఊరికే ఉంటుంది, కొన్నిటికి మెదడునీ, మూత్రపిండాల్నీ పట్టుకుంటుంది. దానికి ఫెన్‌బెండజోల్, ఇరవై ఎనిమిది రోజులు. పశువులకి నులిపురుగులు పోవడానికి ఇచ్చే మందే. ఇడ్లీని తక్కెడలో తూచి, ఆ బరువుకి లెక్కకట్టి ఇచ్చింది. గూడు రోజూ కడిగి సలసల కాగే నీళ్ళు పొయ్యమంది. ఒంట్లో నిరోధక శక్తి తగ్గినవాళ్ళకి ఆ జీవి అంటుకోవచ్చంది. మా ఎదురింటావిడ కేన్సరు మందులు వాడుతున్నారు. ఇడ్లీని ఎత్తుకోవద్దని ఆవిడకి అప్పుడే చెప్పేశాను.

చీటీలో రెండో మందు చదివి ఆగిపోయాను. ఫినోబార్బిటోన్. "ఇది గార్డినాల్ కదమ్మా?" అన్నాను. "మీకెలా తెలుసు మాఉసీ?" అంది ఆశ్చర్యంగా. ఎలా తెలియదు? నాన్నగారి పంచెల కింద, పెట్టె అడుగున ఉండేది ఆ డబ్బా. 1912 నుంచీ వాడుతున్న మందుట, ఇప్పటికీ మనుషులకీ అదే, ఇడ్లీకీ అదే.

మూర్ఛ వచ్చినప్పుడు ఏం చెయ్యాలన్నాను. "చేతులు కట్టుకుని కూర్చోవాలి" అంది. పట్టుకోకూడదు, బిగించి పట్టుకుంటే వెనక కాళ్ళ విసురుకి కుందేలు నడుం విరుగుతుంది. నోట్లో నీళ్ళు పొయ్యకూడదు. దెబ్బ తగలకుండా చుట్టూ తువ్వాళ్ళు చుట్టి పెట్టి, దీపం తగ్గించి, గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటినా, ఒకదాని మీద ఒకటి వచ్చినా పరుగెత్తుకు రావాలి. తేరుకున్నాక గడ్డి ముందు పెట్టాలి. కుందేలు పన్నెండు గంటలు తినకపోతే పేగు కదలడం ఆగిపోతుంది, మూర్ఛ కంటే ముందు అదే తీసుకుపోతుంది.

"మనుషులకీ ఇంతేనా?"

"ఇంతే. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. నాలుక ఎవరూ మింగెయ్యరు మాఉసీ. నోట్లో ఏదైనా పెడితే పళ్ళు విరుగుతాయి."

ఆటోలో ఇంటికొచ్చేదాకా మావారితో మాట్లాడలేదు.

పాత కేలండరు వెనక తారీకులు రాశాను. మొదటి నెల ఏడు సార్లు. రెండో నెల మూడు. ఆ తర్వాత మూడు వారాలు ఏమీ రాలేదు. "తగ్గింది కదా, ఇంకా ఆ మందెందుకే?" అన్నారు మావారు. నేను అరిచిన అరుపుకి ఆయన బిత్తరపోయారు. ఈ మందు ఉన్నట్టుండి మానకూడదు. 1981లో తమ్ముడికి సంబంధం చూడటానికి వస్తున్నారని, డబ్బా వాళ్ళ కంటపడుతుందని, "బాగానే ఉన్నాడుగా" అని నాన్నగారు మానిపించారు. మూడోనాడు ఆగకుండా వచ్చాయి, ఆస్పత్రిలో తొమ్మిది రోజులు. సంబంధమూ పోయింది. నాన్నగారి భయం ఊరికే పుట్టింది కాదు లెండి. మూర్ఛని పెళ్ళికి అడ్డుగా 1976లో హిందూ వివాహ చట్టంలోనే చేర్చారు, 1999లో గాని ఆ మాట తియ్యలేదు. తమ్ముడికి తర్వాత అన్నీ తెలిసిన పిల్లే దొరికింది. వాడికిప్పుడు మనవలు.

ఇడ్లీ మెడ ఇంకా కాస్త వాలే ఉంది. అలాగే గెంతుతుంది, అలాగే తింటుంది. మొన్న నెలలో ఒక్కసారి వచ్చింది. నేను తువ్వాళ్ళు పెట్టి, గడియారం చూస్తూ, చేతులు ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాను. యాభై సెకన్లు. ఎంత పొడుగ్గా ఉంటాయో.

ఆ పొద్దున్నే విజయనగరం ఫోను చేసి తమ్ముడికి అంతా చెప్పాను, చెంచా సంగతితో సహా. మందు నోట్లో పెడితే ఇడ్లీ ఉమ్మేస్తోందని కూడా చెప్పాను. కాసేపు వాడేం మాట్లాడలేదు.

"అది చేదక్కా" అన్నాడు. "అరటిపండు ముక్కలో పెట్టి ఇయ్యి. నాకెవరూ అలా ఇవ్వలేదు."

ఇప్పుడు గోరంత ముక్కలో పెట్టి ఇస్తున్నాం. తింటోంది.

మాగాయ వచ్చే సంచికలో తప్పకుండా.