పొదను పైన నరికిన చాలునా?



అనకాపల్లి జిల్లాలో గొలుగొండ, రోలుగుంట, రావికమతం, మాడుగుల ప్రాంతముల మెట్ట, కొండవాలు భూములలో జీడిమామిడి ముఖ్యమైన పంట. తొలకరికి మొక్క నాటుటలో మనకు అశ్రద్ధ లేదు. నాటిన మొక్కను మొదటి మూడేండ్లు పొదల నుండి కాపాడుటలోనే అశ్రద్ధ కలదు. పిక్కలు ఏరుటకు వీలుగా ఏడాదికొకసారి తుప్పలు కొట్టించుట కాపుచెట్లకు చాలవచ్చును గాని, లేతమొక్కకు చాలదని నా అభిప్రాయము.

పొదకును మొక్కకును పోటీ రెండు చోట్ల జరుగును. మొదటిది వెలుతురు కొరకు. జీడిమామిడి ఎండను కోరు చెట్టు. పులికంప అనబడు లాంటానా వానకాలములో మొక్కను మించి పెరిగి కప్పివేయును. నీడలోని మొక్క సన్నగా పొడుగు సాగునే గాని పక్క కొమ్మలు వేయదు. పూత కొమ్మల చివరలనే వచ్చును గనుక కొమ్మలు తగ్గిన కాపు తగ్గును. రెండవ పోటీ నేలలో. వానలు వెనుకబట్టిన పిమ్మట నేలలో మిగిలిన తేమయే మొక్కకు ఆధారము. పాదులోనికి చొచ్చిన పొద వేళ్లు ఆ తేమను, మీరు వేసిన ఎరువును పంచుకొనును.

కత్తితో పైన నరికినచో వెలుతురు పోటీ కొన్నాళ్లు తీరును. నేలలోని పోటీ తీరదు. మొదలు బ్రతికియుండి మరల గుబురుగా చిగిర్చును. నిప్పు పెట్టినచో లేతమొక్క మాడిపోవును. లాంటానా మరల లేచును.

అందువలన మొక్క చుట్టు గజము మేర పొదలను గునపముతో వేరుమొదలుతో పెకలించవలెను. వానల నడుమ ఒకసారి, వానలు వెనుకబట్టగానే నేల పదునుగా నుండగా మరియొకసారి చేసిన మేలు. పక్షులు లాంటానా పండ్లు తిని గింజలను వెదజల్లును గనుక, పండ్లు కాకముందే తీయవలెను. ఎండిన కొమ్మలను, కాండమునకు జానెడు ఎడము విడిచి, పాదులో పరచినచో తేమ నిలుచును. ఆకు పశువులకు విషము, మేపరాదు. వాలునంతయు ఒక్కసారి బోడి చేయవలదు, మన్ను కొట్టుకొనిపోవును.

కూలి ఖర్చు భరించలేమందురా? 8 మీటర్ల ఎడమున నాటినచో ఎకరమునకు సుమారు 63 మొక్కలు పట్టును. వాని చుట్టు గజము మేర నేలనంతయు కలిపినను సుమారు 4 సెంట్లు మాత్రమే! మొక్క పెరిగిన కొలది ఈ మేరను పెంచుకొనవచ్చును. నమ్మకము లేనివారు మొదట రెండు వరుసలలో చేసి, పక్క వరుసలతో పోల్చి చూడుడు.

గ్రామాధికారులకొక మనవి. నాటిన మొక్కల సంఖ్యను రిజిస్టరులో వ్రాసినట్లే, మూడవ వేసవి దాటిన పిమ్మట బ్రతికినవాని సంఖ్యను కూడ అదే పుటలో వ్రాయుడు. అప్పుడు పాదు తీయుటకు ఖర్చేలయని అడుగువారుండరు.