దరఖాస్తు చేయని పిల్లలు

నవోదయ ఆరో తరగతి ప్రవేశ పరీక్షలో 80 ప్రశ్నలుంటాయి. అవి కష్టమా, తేలికా అన్న చర్చ ఏటా జరుగుతుంది గానీ, అసలు వడపోత దరఖాస్తు దగ్గరే అయిపోతోంది. గడువు తెలిసిన తండ్రో, పట్టించుకునే టీచరో ఉన్న పిల్లే ఆ హాల్లో కూర్చుంటుంది. పత్తి చేను నుంచి పొద్దుగూకాక ఇల్లు చేరే తల్లికి ఆ గడువు చెప్పేదెవరు? అమెరికాలో, ఫ్లోరిడాలోని బ్రోవర్డ్ కౌంటీ 2005లో టీచర్ల, తల్లిదండ్రుల సిఫారసుల కోసం ఎదురుచూడకుండా రెండో తరగతి పిల్లలందరికీ ప్రతిభను గుర్తించే తొలి పరీక్ష పెట్టింది. అర్హత ప్రమాణాలు మార్చలేదు. అయినా ప్రతిభావంతులుగా గుర్తింపు పొందిన పేదింటి పిల్లల నిష్పత్తి రెట్టింపును మించింది. నిధులు తగ్గి ఆ పద్ధతి సడలాక, మళ్లీ పడిపోయింది. అంటే ఆ పిల్లలు అంతకుముందూ ఉన్నారు, అడిగినవాళ్లే లేరు. అందరికీ పరీక్ష అంటే పసివాళ్ల మీద మరో బరువంటారు. బరువు కోచింగ్‌ది; రోజూ కూర్చునే చోటే, ముందు చెప్పకుండా రాయించే అరగంట కాగితానికి ఏ పిల్లా రాత్రుళ్లు మేలుకోదు. సీట్లు పెరగనప్పుడు గుర్తించి ఏం లాభమంటారా? ఇంకాస్త చిక్కు లెక్క ఎవరికివ్వాలో పిల్లలు చదివే బడి టీచరుకైనా తెలుస్తుంది. ఇప్పుడు మాత్రం, అందరికంటే ముందే లెక్క ముగించి కిటికీలోంచి చూస్తున్న పిల్లకు పరధ్యానమని పేరు పెడుతున్నాం.