డిస్కు విప్పి నా చేతిలో పెట్టు

"సార్, ఈ పాత హార్డ్ డిస్కు పనికిరాదు, ఇక్కడే వదిలేయండి." కొత్త మదర్‌బోర్డు, ప్రాసెసర్ వేయించుకోవడానికి పోయిన వాడికి కౌంటర్ వెనక నుంచి వినపడే మాట ఇది. పనికిరానిదైతే నీకెందుకయ్యా? చెత్తబుట్ట మా ఇంట్లో లేదా?

పనికిరాదన్నది పచ్చి అబద్ధం. సాటా కనెక్షన్ వచ్చింది 2003లో. 2010లో కొన్న టెరాబైట్ డిస్కు ఇవాళ్టి బోర్డుకీ అదే సన్నటి కేబుల్‌తో తగులుకుంటుంది. అంతకు ముందరి వెడల్పాటి ఐడీఈ కేబుల్ డిస్కులు తగలవు, నిజమే. వాటికీ యూఎస్‌బీ అడాప్టర్లు దొరుకుతాయి.

నెమ్మది అంటారు. నెమ్మదే, కాదన్నదెవరు? డిస్కు లోపల చదివే హెడ్డు కదిలి సరైన చోట వాలడానికి దగ్గర దగ్గర పది మిల్లీసెకన్లు పడుతుంది. విండోస్ లేచేటప్పుడు అలాంటి వెతుకులాటలు వేలల్లో ఉంటాయి కాబట్టి సి డ్రైవ్‌కి ఎస్ఎస్‌డీయే పెట్టుకోండి. కానీ చెల్లెలి పెళ్లి వీడియో ఆడించడానికి సెకనుకి వంద మెగాబైట్లు చదివే డిస్కు చాలదా? ఆ వీడియో అందులో పదోవంతు కూడా అడగదు!

డిస్కు చచ్చిందో బతికుందో డిస్కునే అడగాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఉచిత ప్రోగ్రాం ఉంది. అందులో 05, సీ5 వరసలు చూడండి: చెడిపోతే పక్కన పెట్టిన సెక్టార్లు, చెడిపోయేలా ఉన్న సెక్టార్లు. ఆ అంకెలు పెరుగుతున్నాయంటే దాని మీద ఒక్క ఫొటో కూడా ఉంచొద్దు. సున్నాలున్నా సరే, ఉన్న ఒక్క కాపీనీ దాని మీదే పడేయడం తెలివితక్కువ పని.

నాకు మండేది ఇంకో చోట. మా ఇంటి మిషన్‌కి ఎస్ఎస్‌డీ బిగించిన మెకానిక్, పాత డిస్కు కేబుల్ పీకకుండానే విండోస్ వేశాడు. అలా వేస్తే ఇన్‌స్టాలర్ ఒక్కోసారి బూట్ ఫైళ్లను పాత డిస్కు మీదే రాసిపెడుతుంది. కొన్నాళ్లకు ఆ డిస్కు తీస్తే కొత్త ఎస్ఎస్‌డీ నల్లమొహం వేసింది. "పాత డిస్కు పెట్టుకుంటే ఇంతే సార్" అన్నాడు మహానుభావుడు. కేబుల్ పీకే రెండు నిమిషాల ఓపిక తనకి లేదు, నేరం మాత్రం డిస్కుది!

విండోస్ డిస్కుకి వేసే తాళం, బిట్‌లాకర్ సంగతి అసలే చెప్పరు. పాత మిషన్‌లో డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే, బోర్డు మారాక 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందో లేదో స్క్రూలు విప్పకముందే చూసుకోవాలి. విప్పేవాడు ఆ మాట అడిగిన పాపాన పోడు.

"మీ ముందే ఫార్మాట్ కొట్టేస్తాం సార్." కొట్టు నాయనా, చూస్తాం. క్విక్ ఫార్మాట్‌తో చెరిగేది విషయసూచికే, పుస్తకం అలాగే ఉంటుంది. సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలత్ ఎంఐటీ విద్యార్థులుగా ఉన్నప్పుడు 158 సెకండ్‌హ్యాండ్ డిస్కులు కొని తవ్విచూశారు. 2003లో అచ్చయిన వాళ్ల వ్యాసం ప్రకారం, పనిచేసిన 129లో సరిగ్గా తుడిచినవి పన్నెండే. ఐదు వేలకు పైగా క్రెడిట్ కార్డు నంబర్లు బయటపడ్డాయి. మన డిస్కుల్లో ఏముంటాయి? ఆధార్ స్కాన్, పాన్ కార్డు, పొలం పాస్‌బుక్, సంబంధాల కోసం పంపిన అమ్మాయి ఫొటో, బయోడేటా. పాత డిస్కు వదిలేస్తే ఇచ్చే ఐదొందల డిస్కౌంట్‌కి ఇవన్నీ ముక్కూమొహం తెలియని వాడి చేతిలో పోస్తున్నాం.

ఇవ్వక తప్పకపోతే ఇంట్లోనే తుడిచి ఇవ్వండి. విండోస్‌లోనే ఉండే డిస్క్‌పార్ట్ అనే కమాండ్‌లో డిస్కు నంబర్ ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని "క్లీన్ ఆల్" కొడితే మొదటి నుంచి చివరిదాకా సున్నాలు రాస్తుంది. పెద్ద డిస్కుకి గంటలు పడుతుంది, పట్టనివ్వండి. ఉత్త "క్లీన్" కొడితే లాభం లేదు. పూర్తిగా చచ్చిన డిస్కుని పాత ఇనప సామాను బండికి వేయొద్దు. రిజిస్టర్డ్ రీసైక్లర్లకు చేర్చండి, 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ఉద్దేశమూ అదే.

ఈసారి అప్‌గ్రేడ్‌కి పోతే బిల్లు మీద ఒక వాక్యం రాయమనండి: పాత హార్డ్ డిస్కు, ఫలానా సీరియల్ నంబర్, కస్టమర్‌కి తిరిగి ఇచ్చాం. రాయనంటే మిషన్ చంకన పెట్టుకుని పక్క షాపుకి పోండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో పక్క షాపులకేం కరువు?