పని మారే వేళ పందెపు సైకిలు



ఒక పని వదిలి మరొక పనిలో కుదురుకోవడం మన జిల్లా కుటుంబాలకు కొత్త సంగతి కాదు. వానలు లేక వేరుశనగ ఎండిపోయిన ఏడు బెంగుళూరుకు కూలికి వెళ్లిన పెద్దలు మన సంఘాల్లో ఎందరో ఉన్నారు. 2002లో చిత్తూరు సహకార డెయిరీ మూతపడినప్పుడు, ఆ తర్వాత సహకార చక్కెర మిల్లులు ఆగిపోయినప్పుడు నడివయసులో కొత్త పని నేర్చుకోవలసి వచ్చినవారూ ఉన్నారు. సత్యవేడు పక్కన శ్రీసిటీ వచ్చాక పొలం వదిలి షిఫ్టు పనికి వెళ్తున్న యౌవనస్థులను ఇప్పుడు చూస్తున్నాం.

ఈ తరంలో దీనికి మరొకటి తోడైంది. ఇలా పని మారుతున్న యౌవనుల్లోనే కొందరు సైకిలు పందేలకు సాధన చేస్తున్నారు. తెల్లవారకముందే లేచి భాకరాపేట ఘాట్ రోడ్డో, మొగిలి ఘాటో ఎక్కుతారు. సెలవు దొరికితే మదనపల్లె దాటి హార్స్‌లీ కొండలకు పోతారు. వారికి దీనిలో జీతం లేదు, ఇష్టం కొద్దీ తొక్కుతారు. "కొత్త ఉద్యోగంలో నిలదొక్కుకోరా అంటే సైకిలు పట్టుకుని తిరుగుతున్నాడు" అని తండ్రి బాధ. "ఆ రెండు గంటలే నాకు ఊపిరాడేది" అని కొడుకు మాట. మా మట్టుకు ఇద్దరి మాటలోనూ నిజం కనిపిస్తోంది. ఈ నెల దాని గురించే ఆలోచిద్దాం.

ఘాటు ఎక్కేటప్పుడు కాళ్లకంటే ముందు మనసు అలసిపోతుంది. ఇంకా నాలుగు మలుపులు ఉండగానే "ఇక చాలు, దిగిపో" అంటుంది. కొత్త పనిలోనూ అంతే. మనకంటే చిన్నవాడు పైఅధికారిగా ఉంటాడు. మొదటి జీతం పాత జీతంకంటే తక్కువ వస్తుంది. "పాత చోటే ఉండవలసింది" అని మనసు గొణుగుతుంది. రెండు చోట్లా ఖర్చయ్యేది ఒకే మనసు. రాత్రి షిఫ్టు చేసి వచ్చి, నిద్ర మాని, నలభై కిలోమీటర్లు తొక్కేవాడు ఆ రెండింటికీ ఒకే సంచిలోంచి తీసి ఇస్తున్నాడు.

అంతకంటే లోతైన ప్రమాదం ఇంకొకటుంది. ఉద్యోగంలో పోయిన గౌరవాన్ని పందెంలో తిరిగి సంపాదించుకోవాలన్న ఆశ అది. అలాంటివాడికి పందెంలో వెనకబడటం ఆటలో ఓటమిగా తోచదు. తన బ్రతుకే ఓడిపోయినట్టు తోస్తుంది. వారం రోజులు ఎవరితోనూ మాట్లాడడు. ఆ చిరాకు ఇంట్లో భార్యాపిల్లల మీద పడుతుంది.

అపొస్తలుడైన పౌలు కొరింథులో డేరాలు కుట్టుకుంటూ సువార్త చెప్పాడని అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో చదువుతాం. ఆ పట్టణం దగ్గరే రెండేళ్లకొకసారి పెద్ద పందేలు జరిగేవి. గెలిచినవాడికి ఆకులతో అల్లిన కిరీటం పెట్టేవారు. అందుకే కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో వాడిపోయే కిరీటం గురించి రాస్తే వారికి వెంటనే అర్థమైంది. పందెగాడి క్రమశిక్షణను పౌలు తప్పుపట్టలేదు, దానినే మాదిరిగా చూపాడు. కానీ ఆ కిరీటం వాడిపోతుందన్న సంగతిని మరువనివ్వలేదు.

మన కాలంలో ఒక సాక్ష్యం చూడండి. 2021 జూలై 25న టోక్యో ఒలింపిక్స్ మహిళల రోడ్డు పందెంలో ఆస్ట్రియా దేశస్థురాలు అన్నా కీసెన్‌హోఫర్ బంగారు పతకం గెలిచారు. 137 కిలోమీటర్ల దారి. ఆమె గణితంలో డాక్టరేటు పొంది విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న మనిషి. ఏ వృత్తి జట్టులోనూ లేరు. పందెం మొదలవగానే ముందుకు దూకి, చివరి నలభై కిలోమీటర్లు ఒంటరిగా తొక్కారు. వెనక వచ్చిన ప్రసిద్ధ క్రీడాకారిణి, ముందు ఒకరున్నారని తెలియక, తానే గెలిచాననుకుని చేతులెత్తింది! అయితే మన యౌవనులు గమనించవలసింది అంతకు ముందు జరిగినది. 2017లో ఆమె ఒక వృత్తి జట్టులో చేరి, అక్కడ ఇమడలేక బయటికి వచ్చి, కొంతకాలం పందేలే మానుకున్నారు. తర్వాత తన ఉద్యోగం తాను చేసుకుంటూ, తన సాధన తానే లెక్క వేసుకుంటూ తిరిగి మొదలుపెట్టారు. ఆగవలసిన చోట ఆగినందువల్ల ఆమెకు నష్టం రాలేదు.

దానికి నూరేళ్ల ముందు అమెరికాలో మేజర్ టేలర్ అనే నల్లజాతి సైకిలు వీరుడుండేవాడు. 1899లో మాంట్రియల్‌లో ప్రపంచ విజేత అయ్యాడు. బాప్టిస్టు విశ్వాసి. ఎన్నో ఏళ్లపాటు ఆదివారం పందెం తొక్కనన్నాడు. చర్మపు రంగును బట్టి తోటి పందెగాళ్లు పెట్టిన హింసను ఓర్చుకున్నాడు. 1910లో పందేలు విడిచిపెట్టాక అసలు కష్టం మొదలైంది. పెట్టిన వ్యాపారాలు నష్టపోయాయి. ఇల్లాలు దూరమైంది. తన జీవితకథను తానే అచ్చువేయించి, తానే తిరిగి అమ్ముకున్నాడు. 1932లో షికాగో ఆసుపత్రిలో పేదల వార్డులో కన్నుమూశాడు. ఆయన్ను నిందించడానికి ఇది రాయడం లేదు. ఆ దేశపు అన్యాయం ఆయన దారికి అడుగడుగునా అడ్డుపడింది. కానీ అంతటి వీరుడికి కూడా పని మారడమే అన్నిటికంటే ఎత్తైన కొండ అయిందని మనం తెలుసుకోవాలి.

కాబట్టి పని మారుతున్న సహోదరులకు, సహోదరీలకు మా సలహా ఇది.

మొదట కూర్చుని లెక్క చూసుకోండి. గోపురం కట్టదలచినవాడి గురించి ప్రభువు లూకా 14వ అధ్యాయంలో చెప్పినది ఇందుకూ వర్తిస్తుంది. కొత్త పనిలో మొదటి ఏడాది ఒక్క పందెమే గురిగా పెట్టుకోండి. వారానికి ఎన్ని గంటలు, నెలకు ఎంత డబ్బు అన్నది ఇంట్లోవాళ్లతో కలిసి నిర్ణయించండి. ఖరీదైన సైకిలు కోసం అప్పు చేయవద్దు.

రెండవది, ఘాటు నేర్పే పాఠాన్ని పనిలోకి తీసుకురండి. కొండంతటినీ ఒకేసారి చూసేవాడు జడుసుకుంటాడు. ఎదురుగా ఉన్న మలుపు వరకే చూసేవాడు ఎక్కుతాడు. కొత్త పనిలోనూ ఈ వారం నేర్చుకోవలసింది ఈ వారమే చూసుకోండి.

మూడవది, విశ్రాంతి దినాన్ని పోగొట్టుకోవద్దు. ఆదివారం ఉదయం ఆరాధనకు, మధ్యాహ్నం ఇంటికి ఇవ్వండి. ఒళ్లు కోలుకునేది విశ్రాంతిలోనే. మనసు సంగతీ అంతే.

తల్లిదండ్రులకు ఒక మాట. "గెలిచావా?" అని అడిగే ముందు "తిన్నావా, నిద్రపోయావా?" అని అడగండి. ఏలీయా బదరీవృక్షం కింద చావు కోరుకున్నప్పుడు దేవుడు మొదట గద్దించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి, నిద్రపోనిచ్చి, ఆ తర్వాతే మాట్లాడాడు. రెండు వారాలు గడిచినా నిద్ర పట్టక, దేని మీదా ఆశ లేక ఉంటే అది విశ్వాసలోపమని తీర్పు తీర్చవద్దు. కాలు విరిగితే వైద్యుని దగ్గరకు వెళ్లడం లేదా? చిత్తూరు వైపువారికి వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలవారి మానసిక చికిత్సా కేంద్రం బాగాయంలో ఉంది. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలిమానస్‌కు 14416 నంబరులో ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

యౌవనులారా, సైకిలు తొక్కండి. దేవుడిచ్చిన కాళ్లతో దేవుడు చేసిన కొండలెక్కడం సంతోషమే. కానీ మీ విలువను ఆ గీత దగ్గర వెదకవద్దు. మీరు ఏ పని చేయకముందే, ఏ పందెం గెలవకముందే మిమ్మల్ని ప్రేమించినవాడు ఉన్నాడు. అది ఎరిగినవాడు చివరివాడిగా వచ్చినా తలెత్తుకుని ఇంటికి వస్తాడు, సోమవారం పొద్దున్నే పనికి వెళ్తాడు.